తీసేసినవాళ్లకు తెలుగు వచ్చా?

సోషల్ మీడియాలో మాట స్వేచ్ఛ గురించి మన దగ్గర చర్చ ఎప్పుడు మొదలైనా రెండు జట్లుగా చీలిపోతుంది. ఏదీ తీసేయకూడదని ఒక జట్టు, ఇంత చెత్త ఎందుకు ఉంచుతున్నారని ఇంకో జట్టు. టీవీ చర్చల్లోనూ ఇదే వరస, హన్మకొండ చౌరస్తాలో చాయ్ దగ్గరా ఇదే వరస. ఈ రెండింటిలో ఏ జట్టులోనూ చేరాలని నాకు లేదు. నేను అడిగేది వేరు. తీసేయాలనో ఉంచాలనో నిర్ణయించింది ఎవరు? వాళ్లకు తెలుగు వచ్చా? ఎందుకు తీసేశారో రాసినవాడికి అర్థమయ్యేట్టు చెప్పారా? అతను కాదంటే వినడానికి అవతల మనిషి ఉన్నాడా?

వీటికి జవాబు లేనంత కాలం ఎక్కువ తీసేసినా అన్యాయమే జరుగుతుంది, తక్కువ తీసేసినా అన్యాయమే జరుగుతుంది. రెండూ నేను దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మా చిన్నమ్మ కొడుకు పరకాల దగ్గర ఉంటాడు. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు. ముహూర్తాలు లేని రోజుల్లో కెమెరా పట్టుకుని ఊళ్లు తిరిగి ఒగ్గుకథలు, బోనాలు, జాతరలు తీసి తన చానల్లో పెడతాడు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో జరిగే మేడారం జాతర అతనికి పెద్ద సీజన్. ఒక జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చే దారంతా తీశాడు. డోలు, కొమ్ము, పూనకాలు, నెత్తిన బెల్లం ముద్దలు పెట్టుకున్న ఆడవాళ్లు, అమ్మ వస్తుంటే కోళ్లను గాల్లోకి ఎగరేసే ఎదురుకోళ్ల మొక్కు. చాలా మంచి వీడియో అది. పొద్దున పెట్టాడు, మధ్యాహ్నానికి లేదు.

నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంగ్లిష్‌ల ఏందో వచ్చింది, జర జూడు" అన్నాడు. చూశాను. హింసాత్మకమైన లేదా దిగ్భ్రాంతి కలిగించే కంటెంట్ మీద తమ విధానాన్ని ఈ వీడియో ఉల్లంఘించిందని రెండు వాక్యాలు. వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర, ఏ దృశ్యం అన్నది లేదు. దాంతోపాటు ఒక స్ట్రైక్. వారం రోజులు కొత్త వీడియో పెట్టడానికి వీల్లేదు. జాతరే నాలుగు రోజులు! వారం ఆగితే ఆ వీడియోలు ఎవరు చూస్తారు?

అప్పీలు నేనే రాసిపెట్టాను. గిరిజనుల జాతర అనీ, రాష్ట్ర ప్రభుత్వమే ఏర్పాట్లు చేస్తుందనీ, తెలుగు చానళ్లన్నీ దీన్ని లైవ్ ఇస్తాయనీ, ఇది మొక్కు అనీ ఆ చిన్న డబ్బాలో పట్టినంత రాశాను. పంపించి, చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోపే జవాబు వచ్చింది. మీ అప్పీలును జాగ్రత్తగా పరిశీలించామట, నిర్ణయంలో మార్పు లేదట. ఆ వీడియో నిడివే ఆ జవాబు రావడానికి పట్టిన సమయం కన్నా ఎక్కువ.

జంతుబలి దృశ్యాలు అందరూ చూడాల్సిందేనని నేను అనడం లేదు. ముందు హెచ్చరిక పెట్టండి, పిల్లలకు కనపడకుండా చేయండి, ఫలానా ముక్క కత్తిరించమని చెప్పండి. వీటిలో ఏది చెప్పినా మా తమ్ముడు ఆ రాత్రే కూర్చుని ఎడిట్ చేసేవాడు. "నేనేం తప్పు జేసిన్నో చెప్తే మళ్ల జెయ్యను గదన్నా" అని అతను అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ కంపెనీ దగ్గర ఉండాలి. చెప్పలేదు.

ఇక రెండో సంగతి. కాజీపేట అమ్మాయి ఒకామె, డిగ్రీ చదువుతుండగానే చిన్న చిన్న వీడియోలు చేసేది. బస్సుల్లో మగవాళ్ల చేష్టల గురించి, హాస్టల్ భోజనం గురించి, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఒక వీడియో ఎక్కువమందికి చేరేసరికి కింద తిట్లు మొదలయ్యాయి. తెలుగు బూతులే, ఇంగ్లిష్ అక్షరాల్లో. మధ్యలో ఒక చుక్క, ఒక అంకె, ఒక అక్షరం ఎక్కువ. తెలుగు వచ్చినవాడు ఎవడైనా కనురెప్పపాటులో చదివేస్తాడు. ఆమె వాళ్లమ్మను కూడా వదల్లేదు. ఒకడైతే ఆమె దిగే బస్టాప్ పేరు రాసి అక్కడ కలుస్తానన్నాడు. ఒక్కోదాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, రిపోర్ట్ కొట్టి, వేధింపు అని ఎంచుకుని పంపుతూ కూర్చుంది. మరునాడు వరసగా జవాబులు. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు. మీకు ఇబ్బందిగా ఉంటే ఈ వ్యక్తిని బ్లాక్ చేసుకోవచ్చు.

బస్టాప్ పేరు రాసినవాడి విషయంలోనూ అదే జవాబు. చివరికి ఆమె అకౌంటే తీసేసుకుంది. ఇంట్లో టెన్షన్ తట్టుకోలేక ఫోన్ నంబరు కూడా మార్చింది. ఏదీ తీసేయకూడదనే జట్టువాళ్లు దీన్ని కాస్త ఆలోచించాలి. ఆ అమ్మాయి మాట్లాడటం మానేసింది కదా, మరి ఆ స్వేచ్ఛ ఎవరి లెక్కలో పోయినట్టు?

మేడారం మొక్కును హింస అన్న వ్యవస్థే, బస్టాప్ దగ్గర కలుస్తానన్న బెదిరింపును మామూలు మాట అంది. ఒకచోట మరీ కఠినం, ఒకచోట మరీ ఉదారం అని పైకి అనిపిస్తుంది. లోపల ఉన్న జబ్బు ఒకటే. చదివినవాళ్లు లేరు.

ఎందుకు లేరన్నది కూడా అంతో ఇంతో తెలిసిన సంగతే. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే ఉద్యోగిని బయటపెట్టిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో ఒక లెక్క ఉంది. తప్పుడు సమాచారాన్ని గుర్తించే పనికి పెట్టే బడ్జెట్లో 87 శాతం అమెరికాకే, మిగతా ప్రపంచమంతటికీ 13 శాతం. ఆ అంకెలు పూర్తి చిత్రం కాదని కంపెనీ అంది. కానీ రోజువారీ వాడకందారుల్లో ఉత్తర అమెరికావాళ్లంతా కలిసినా పది శాతమే. మన రాజ్యాంగం గుర్తించిన భాషలు 22 ఉంటే, యంత్రాలకు నేర్పింది అయిదు భాషలేనని అప్పట్లో కంపెనీయే చెప్పింది.

భాష రాకపోతే ఏమవుతుందో బర్మాలో చూశాం. రోహింగ్యాల మీద విద్వేషం ఫేస్‌బుక్‌లో పొంగిపొర్లుతున్నప్పుడు, 2015 మొదట్లో బర్మీస్ చదివి ఫిర్యాదులు చూడగలిగినవాళ్లు ఆ కంపెనీకి ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ 2018లో రాసింది. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం, అక్కడ విద్వేషం వ్యాపించడంలో ఫేస్‌బుక్ పాత్ర ఉందని తేల్చింది.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ పంజాబీది. 2020 నవంబరులో ఒకతను ఆర్‌ఎస్‌ఎస్‌నూ ప్రభుత్వాన్నీ విమర్శిస్తూ పంజాబీలో పెట్టిన పోస్టును ఫేస్‌బుక్ ప్రమాదకర సంస్థలకు సంబంధించిన నియమం కింద తీసేసింది. అతని అకౌంట్ మీద కూడా ఆంక్షలు పెట్టింది. సిబ్బంది తక్కువగా ఉన్నారని అతని అప్పీలును చూడనే లేదు. చివరికి అది ఫేస్‌బుక్ నిర్ణయాలను సమీక్షించే ఓవర్‌సైట్ బోర్డు దాకా వెళ్తే, అప్పుడు తప్పయిందని పోస్టు తిరిగి పెట్టారు. విచారణలో తేలిన విషయం, ఆ కంపెనీ నియమాలు అప్పటికి పంజాబీలోనే లేవు. మూడు కోట్ల మంది మాట్లాడే భాషలో చదవడానికి నియమం లేదు, శిక్ష మాత్రం ఉంది.

ఈ పని చేసే మనుషుల మీద నాకు కోపం లేదు. వాళ్లలో మన పిల్లలే ఉన్నారు. వరంగల్లో చదివి హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక కంపెనీలో చేరే పిల్లల్లో కొందరు చేసేది ఈ ఉద్యోగమే. ఇంట్లోవాళ్లకు "ఐటీ జాబ్" అని చెప్తారు. 2019లో రాయిటర్స్ హైదరాబాద్‌లోని ఫేస్‌బుక్ కాంట్రాక్టు ఆఫీసు గురించి రాసిన కథనంలో, ఎనిమిది గంటల షిఫ్టులో సగటున రెండు వేల పోస్టులు చూడాల్సి వచ్చేదని ఉద్యోగులు చెప్పారు. నిమిషానికి దాదాపు నాలుగు. ఆత్మహత్యలు, చిత్రహింసలు, పిల్లల మీద అఘాయిత్యాలు అన్నీ ఆ నిమిషంలోనే.

నాకు తెలిసిన అమ్మాయి ఇలాంటి చోటే కొన్నాళ్లు చేసింది. "తెలుగు క్యూల తిట్లే ఎక్కువ సార్. అది తిట్టా, బావామరదళ్ల సరసమా, ఒగ్గుకథల ముచ్చటా అని ఆలోచిస్తే టైం అయిపోతది. క్వాలిటీ స్కోర్ పడిపోతది" అని చెప్పింది. తెలుగు క్యూ ఖాళీ అయితే వేరే భాషవి వచ్చేవట, ట్రాన్స్‌లేట్ పెట్టుకుని చూడమనేవారట. ఆమె ఎదుట ఉన్న తమిళ పోస్టుకు ఏ గతి పట్టిందో, ఇంకెవరి ఎదుటో ఉన్న మన తెలుగు పోస్టుకూ అదే గతి పట్టి ఉంటుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్‌లో వచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటే అవే బొమ్మలు కనపడేవని కూడా చెప్పింది. ఆ పని మానేసింది. మనుషులను పెంచి, సమయం ఇచ్చి, మంచి జీతం ఇస్తే బాగుపడే పని ఇది. లాభాలు లెక్కించే కంపెనీలకు ఇది చేతకాక కాదు.

పొరపాట్లు ఎన్ని జరుగుతాయో వాళ్లే చెప్పారు. 2025 జనవరి 7న ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన విధానాలను మార్చుకుంటూ ప్రకటన చేసింది. అంతకుముందు నెలలో రోజుకు లక్షలకు లక్షలు పోస్టులు తీసేశామనీ, ప్రతి పది చర్యల్లో ఒకటో రెండో పొరపాటు అయి ఉండవచ్చనీ అందులో ఉంది. అందుకు వాళ్లు ఎంచుకున్న మందు, అమెరికాలో బయటి ఫ్యాక్ట్ చెకర్లను ఆపేయడం, కొన్ని విషయాల మీద నియమాలు సడలించడం. దాంతో కాజీపేట అమ్మాయికి ఒరిగేదేమిటి? పదిలో ఒకటి తప్పవుతుందని తెలిసినప్పుడు ముందు బాగుచేయాల్సింది అప్పీలును.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది. అవి ప్రైవేటు కంపెనీలు, వాళ్ల ఇల్లు వాళ్ల ఇష్టం, నచ్చకపోతే పోవచ్చు కదా అని. పరకాలలో ఫొటో స్టూడియో నడిపేవాడు ఎక్కడికి పోతాడు? జనం ఉన్నది అక్కడే, గిరాకీ వచ్చేది అక్కడినుంచే. పైగా మన చట్టం కూడా వాళ్ల ఇష్టానికి వదిలేయలేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 50 లక్షలకు మించి వాడకందారులున్న సోషల్ మీడియా కంపెనీ తనంతట తాను ఒక పోస్టు తీసేస్తే, ఎందుకు తీసేసిందో కారణాలతో రాసినవాడికి తెలియజేయాలి, కాదనడానికి తగిన అవకాశం ఇవ్వాలి. 4వ నిబంధన 8వ ఉపనిబంధన అది. ఫిర్యాదుల అధికారి 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, ఏడు రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరి సవరణ దాకా ఈ గడువు 15 రోజులు). 2022 సవరణ తర్వాత నియమాలు ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ, వాడకందారు కోరుకున్న భాషలో అందుబాటులో ఉంచాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. అక్కడా న్యాయం దొరక్కపోతే 30 రోజుల్లోపు కేంద్రం 2023 జనవరిలో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.

కాగితం మీద ఇన్ని ఉన్నాయి. "మా విధానాన్ని ఉల్లంఘించారు" అనే రెండు వాక్యాలను కారణం కింద లెక్కగట్టనిస్తున్నారు కాబట్టి ఇవన్నీ కాగితం మీదే ఉన్నాయి. ఊరి పంచాయితీలో పెద్దమనుషులు కూడా ఫలానా పని చేశావు అని ముఖం మీద చెప్పి, నువ్వేమంటావు అని అడిగాకే తప్పు కట్టిస్తారు. మా తమ్ముడికి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు.

అయితే కంపెనీలను మాత్రమే నిలదీస్తే సగం మాటే చెప్పినట్టు. కారణం చెప్పకుండా నోరు నొక్కే అలవాటు ప్రభుత్వాలకు ఇంకా పాతది. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం అకౌంట్లను, పోస్టులను బ్లాక్ చేయించవచ్చు. దాని కోసం 2009లో తెచ్చిన నియమాల్లో 16వది, ఈ ఫిర్యాదులూ చర్యలూ గోప్యంగా ఉంచాలంటుంది. వరకట్నాన్ని ఎగతాళి చేస్తూ ఒకతను పెట్టిన వెబ్‌సైటును 2018లో బ్లాక్ చేశారు. ఆ ఉత్తర్వు కాపీ అతనికిచ్చి, అతని వాదన వినమని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2022 వచ్చింది.

అదే చట్టంలో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాట రాస్తే జైలు అన్న 66ఏ సెక్షన్ కథ ఇంకా తెలిసిందే. 2012లో ముంబయి బంద్ మీద ఒక అమ్మాయి పోస్టు పెడితే, ఇంకో అమ్మాయి లైక్ కొడితే, పాల్ఘర్‌లో ఇద్దరినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కొట్టేసిన సెక్షన్ కింద కూడా పోలీసులు కేసులు పెడుతూనే వచ్చారు. ఆరేళ్ల తర్వాత అది తెలిసి సుప్రీంకోర్టే విస్తుపోయింది. సోషల్ మీడియాలో పెట్టిన ఒక కవిత మీద గుజరాత్ పోలీసులు ఒక ఎంపీపై పెట్టిన కేసును 2025 మార్చి 28న కొట్టేస్తూ, మాటల మీద కేసు పెట్టే ముందు ఆ మాటలు చదివి అర్థం చేసుకోవాలన్న సంగతిని సుప్రీంకోర్టు పోలీసులకు గుర్తు చేయాల్సి వచ్చింది. మన తెలంగాణ హైకోర్టు కూడా 2025 సెప్టెంబరులో సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన మూడు కేసులను కొట్టేసి, పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు ప్రాథమిక విచారణ చేయాలి, యాంత్రికంగా అరెస్టులు చేయరాదు, రాజకీయ విమర్శ అయితే పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలి అని. ప్రతి పోలీస్ స్టేషన్ గోడకూ ఇది తెలుగులో అంటించాలని నా కోరిక. పార్టీ ఏదైనా సరే, అధికారంలోకి రాగానే చెవులు సున్నితమైపోతాయి.

వరంగల్లో ఉండి ఈ విషయం మీద నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం నా వల్ల కాదు. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందస్తు అనుమతి కావాల్సి వచ్చేది. ఈ ఊరి కాళోజీ మాట కోసం జైలూ నగర బహిష్కరణా రెండూ చూశాడు. తర్వాత పౌరహక్కుల కోసం నిలబడ్డ పిల్లల డాక్టరు రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న ఇదే ఊళ్లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆ రోజులతో ఈ రోజులను సమానం చేసి మాట్లాడటం లేదు. నోరు మూయించేవాడు కారణం చెప్పి తీరాలని అడిగే అలవాటు ఈ ఊరికి ఎక్కడినుంచి వచ్చిందో చెప్తున్నాను, అంతే.

మరి పుకార్ల సంగతేమిటి, కారణాలు రాస్తూ, అప్పీళ్లు వింటూ కూర్చుంటే ఈలోగా మనిషి ప్రాణం పోదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు తెలంగాణలో మనుషుల ప్రాణాలు తీశాయి. హైదరాబాద్ పాతబస్తీలో బిచ్చమెత్తుకునే ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. మా వైపు ఊళ్లలోనూ రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. కొత్త మనిషి కనపడితే చాలు, చుట్టుముట్టేవారు. అలాంటి మెసేజ్ ఒక్క గంట ముందు ఆగినా ఒక ప్రాణం నిలబడుతుంది. బస్టాప్ దగ్గర కలుస్తానన్నవాడి మాట కూడా అలాంటిదే. వాటిని ముందు ఆపండి, కారణం తర్వాత రాయండి. నాకు అభ్యంతరం లేదు. కానీ ఆపాలన్నా ముందు చదవాలి. తెలుగు ఆడియోలో ఏముందో విని, ఇది పుకారు అని గుర్తుపట్టాలి.

ఆ వేసవిలో నిజంగా పనిచేసిందేమిటో చూడండి. వాట్సాప్ 2018 జులైలో మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి అయిదు చాట్లకు పరిమితం చేసింది. అది మంచిదే. దానికన్నా ముందే జోగులాంబ గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఈ వీడియోలు అబద్ధమని జనానికి చెప్పించారు. ఊరి గ్రూపుల్లో పోలీసులను చేర్పించారు. ఆ జిల్లా ఊళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. అబద్ధం ఏ భాషలో తిరుగుతున్నదో ఆ భాషలోనే, ఆ యాసలోనే జవాబు చెప్పినవాళ్లు ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

కాబట్టి నేను అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం 2022లో వచ్చింది. పోస్టు తీసేస్తే ఏ నియమం కింద, ఏ వాస్తవాల ఆధారంగా, మనిషి తీసేశాడా యంత్రం తీసేసిందా అన్నది చెప్పి తీరాలని అందులో ఉంది. పెద్ద కంపెనీలు ఒక్కో అధికార భాషకు ఎంతమంది మనుషులను పెట్టారో లెక్క ప్రకటించాలి. మాల్టా అనే దేశం జనాభా మన వరంగల్ నగరమంత కూడా లేదు, అయిదు లక్షల పైచిలుకు. ఆ మాల్టీస్ భాషకూ లెక్క చెప్తున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. మన 2021 నిబంధనల కింద కంపెనీలు నెలనెలా నివేదిక ఇస్తున్నాయి. అందులో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటి మీద చర్య తీసుకున్నారో ఉంటుంది. భాషలవారీగా చెప్పాలన్న నిబంధన లేదు. అందుకే తెలుగుకు ఎంతమంది ఉన్నారో మనకెవరికీ తెలియదు.

ఈ ఒక్క నిబంధన చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నిబంధనల్లో ఒక వాక్యం చాలు. తెలుగు చదివి నిర్ణయం చెప్పేవాళ్లు ఎంతమంది, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగును చూసేది ఎవరు, తెలుగు అప్పీళ్లలో ఎన్ని మనిషి చేతి మీదుగా వెళ్లాయి, ఎన్నింటిలో నిర్ణయం మారింది. పార్లమెంటులో లిఖితపూర్వక జవాబు కోరుతూ ఎంపీ ఎవరైనా ఈ ప్రశ్న వేయవచ్చు. మన వైపు వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్, ఆదిలాబాద్ ఎంపీలున్నారు. ఆరుగురికీ ఇవే నాలుగు ప్రశ్నలు తెలుగులో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.